రంగు చెబుతుంది... రోగం దాస్తుంది

మాట మార్చేవాణ్ని ఊసరవెల్లి అని తిడతాం. నిజానికి ఆ జీవికి దాపరికం చేతకాదు. చలేసినా, కోపం వచ్చినా, భయపడినా ఒంటి మీదే రాసి చూపిస్తుంది. ఒక్క జబ్బును మాత్రం చివరిదాకా దాచిపెడుతుంది. ఆ గుట్టు పట్టుకోవడం తెలిసినవాళ్ల దగ్గరే పంజరంలోని ఊసరవెల్లి బతుకుతుంది.

ఆదివారం రాత్రి ఎనిమిదయ్యేసరికి రాజమండ్రిలో మా అమ్మ ఫోన్ ముందు కూర్చుంటుంది. డాలస్‌లో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. చెల్లి వంటింట్లో ఉంటే మేనల్లుడు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పుతాడు. ఆఖరి మజిలీ ఎప్పుడూ వాడి గదిలోని పంజరమే. అందులో జానెడు పొడవున, నెత్తిన టోపీలాంటి ఎముకతో, ఆకుపచ్చటి ఊసరవెల్లి. వెయిల్డ్ కమీలియన్ అంటారట. పెంపుడు జంతువుల దుకాణంలో కొన్నారు.

ఓ వారం అమ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

"ఒరేయ్ నాన్నా, అదేంట్రా పట్టపగలు కునుకుతోంది?"

"రెస్ట్ తీసుకుంటోంది అమ్మమ్మా."

"రాత్రంతా పడుకుందిగా, పొద్దున్నే రెస్టేంటి? మా ఇంట్లో కోడి అలా ముడుచుక్కూర్చుంటే మీ తాతమ్మ సాయంత్రం దాకా కూడా ఆగేది కాదు. ముందు మీ అమ్మని పిలు."

అమ్మ ఎన్నడూ ఊసరవెల్లిని పెంచలేదు. కోనసీమలో పుట్టింటి పెరటి కోళ్ల మధ్య పెరిగింది. తెగులు తగిలిన కోడి రెక్కలు జార్చి, కళ్లు మూసి, గుంపులోంచి తప్పుకుని ఓ మూల నిలబడుతుందని ఆమెకు తెలుసు. సముద్రాల అవతల ఉన్న ప్రాణిని ఆ కంటితోనే చూసింది. రెండు రోజుల తర్వాత అక్కడి పశువైద్యుడు తీసిన ఎక్స్‌రేలో ఎముకలు సగం చెరిపేసిన బలపం గీతల్లా ఉన్నాయట. ముందుకాలు ఒకటి అప్పటికే వంగింది. తిండి పెడుతున్నారు, కాల్షియం పొడి చల్లుతున్నారు. లోపం పంజరం మీది దీపంలో ఉంది. అది చక్కగా వెలుగుతూనే ఉంది. వెలుగుతోంది కదా అని ఏడాదిన్నరగా ఎవరూ మార్చలేదు.

తొండ ఎంత ముదిరినా...

ఆ దీపం కథకు ముందు, అసలు ఊసరవెల్లి ఏదో తేల్చుకోవాలి. మన ఊళ్లలో 'అదిగో ఊసరవెల్లి' అని పిల్లలు చూపించేది చాలాసార్లు తొండే. దడి మీదో, కొబ్బరి మొదలు మీదో ఎండ కాచుకుంటూ తల ఆడించే ప్రాణి. జత కట్టే కాలంలో మగ తొండకి తలా మెడా ఎర్రబడతాయి. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్న సామెత పుట్టడానికి ఆ ఎరుపు చాలు. కొబ్బరి ఈనె చివర ఉచ్చు ముడేసి తొండని పట్టిన చిన్నతనం కోనసీమ మగపిల్లల్లో చాలామందికి ఉంది. ఆ తొండ పాపం నూరేళ్లు ముదిరినా ఊసరవెల్లి కాలేదు. రెండూ బల్లి జాతికి చెందినవే అయినా కుటుంబాలు వేరు.

అసలు ఊసరవెల్లిని ఒక్కసారి చూస్తే మళ్లీ పొరబడరు. కాలివేళ్లు రెండూ మూడూ కట్టలుగా విడిపోయి పట్టకారులా కొమ్మని పట్టుకుంటాయి. శంకువుల్లాంటి కళ్లు దేనికది తిరుగుతాయి. ఒకటి ముందున్న పురుగుని చూస్తుంటే రెండోది వెనకున్న మనల్ని చూస్తుంది. తోక చుట్ట చుట్టుకుంటుంది. నడక చూస్తే గాలికి ఊగే ఆకు గుర్తొస్తుంది. ముందుకో అడుగు, వెనక్కో ఊగు. ఇంత నిదానస్తురాలి నాలుక మాత్రం ఒంటి పొడవుని మించి సాగి, రెప్పపాటులో పురుగుని లాక్కొస్తుంది.

ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులుంటే, దాదాపు సగం ఒక్క మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన దేశానికి దక్కింది ఒకే ఒక్కటి. దానికి 1768లో లారెంటి అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 'కమీలియో జైలానికస్' అని పేరు పెట్టాడు. పొడినేలలు, తుప్పలు, చెట్లున్న చోట్లు దీనికి ఇష్టం. అందుకే గోదావరి జిల్లాల్లో దీన్ని వెతకాలంటే కాలవ కింద వరిచేల వైపు కాదు, మెట్ట వైపు వెళ్లాలి. జీడిమామిడి తోటలు, ముళ్లకంచెలు ఉన్న చోట్లలో వెతకాలి. వెతకడమంటే చూడ్డానికే. పట్టడానికి కాదు. ఎందుకో తర్వాత చెప్పుకుందాం.

ఒంటి మీది ఉత్తరం

చుట్టూ ఉన్న రంగులోకి మారిపోయి దాక్కుంటుందన్నది మనం చిన్నప్పటి నుంచీ విన్న మాట. గళ్లచొక్కా మీద పెడితే గళ్లొస్తాయని కూడా కొందరు నమ్ముతారు. రావు. కొమ్మల్లో కలిసిపోవడానికి దాని మామూలు ఆకుపచ్చే చాలు. రంగు మార్చడం ఎక్కువగా తోటి ఊసరవెల్లితో మాట్లాడటానికి, ఒంటి వేడిని సర్దుకోవడానికి.

ఇది ఎలా జరుగుతుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు మడగాస్కర్‌కు చెందిన పాంథర్ కమీలియన్ మీద చూపించారు. చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థంతో చేసిన అతిసూక్ష్మ స్ఫటికాలు వరసలుగా ఉంటాయి. జీవి నిమ్మళంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలికాంతిని వెనక్కి పంపిస్తాయి. చర్మంలోని పసుపుతో ఆ నీలం కలిసి మనకి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకపడగానే స్ఫటికాల మధ్య ఎడం పెరిగి పసుపు, నారింజ, ఎరుపు పైకొస్తాయి. పొద్దున్నే చలికి నల్లబడటం వేరే సంగతి. ఎండని ఎక్కువగా పీల్చుకోవడానికి అలా చేస్తుంది.

పెంచేవాళ్లకి ఇది మొదటి పాఠం. వేడి సరిపడా ఉన్నా, ఎవరూ కదిలించకపోయినా రోజంతా ముదురు గోధుమ రంగులోనో నలుపులోనో ఉందంటే దానికి ఏదో బాగాలేదు. అద్దంలో తన నీడని శత్రువనుకుని బెదురుతూ ఉండొచ్చు. ఎదుటి పంజరంలో ఇంకో ఊసరవెల్లి కనపడుతూ ఉండొచ్చు. అవి ఒంటరి జీవులు. ఒక పంజరంలో రెండింటిని పెట్టడం తగవు పెట్టడమే. పిల్లలు రోజూ చేతిలోకి తీసుకుని ముద్దుచేస్తున్నా అంతే. కుక్కపిల్లకి హాయిగా ఉండే పని దీనికి ప్రాణభయం.

రంగు ఇంత నిజాయతీగా ఉన్నప్పుడు జబ్బు ఎందుకు దాస్తుంది? అడవిలో గద్దలు, పాములు ముందుగా చూసేది నీరసంగా ఉన్నదాన్నే. అందుకే సత్తువ ఉన్నంతసేపూ కొమ్మని పట్టుకుని బాగున్నట్టే కనిపిస్తుంది. చేతకాక కింద కూలబడే రోజుకి రోగం వారాల ముందే మొదలై ఉంటుంది. 'నిన్నటిదాకా బాగానే ఉందండీ' అని యజమాని అనేది ఆ రోజునే.

వెలుగుతున్న దీపం, కరుగుతున్న ఎముక

పంజరంలోని ఊసరవెల్లులకి తరచుగా వచ్చే పెద్ద జబ్బు ఎముకలది. మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. మన పిల్లలకి వచ్చే రికెట్స్‌కి ఇది దగ్గర చుట్టం. పసిబిడ్డని పొద్దుటెండలో కాసేపు పడుకోబెట్టమని మన అమ్మమ్మలు ఎందుకు చెబుతారో, ఇక్కడా కారణం అదే. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డీ3 కావాలి. ఎండలోని యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితేనే ఊసరవెల్లి ఒంట్లో అది చాలినంత తయారవుతుంది.

పెంపకంలో దాని తిండి కీచురాళ్లు, బొద్దింకలు, పురుగులు. వీటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. పైనుంచి యూవీబీ కూడా అందకపోతే నెత్తుట్లో కాల్షియం పడిపోతుంది. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా అది ఉండితీరాలి కాబట్టి, పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి దాన్ని తవ్వి తీయడం మొదలుపెడుతుంది. ఇంటి ఖర్చుకి దూలాలు పీకి అమ్ముకున్నట్టు. పైకి ఇల్లు నిలబడే ఉంటుంది.

మొదటి గుర్తులు చాలా చిన్నవి. నాలుక గురి తప్పుతుంది. లేదా సగం దూరమే సాగుతుంది. అలవాటైన కొమ్మ మీద కూడా పట్టు జారుతుంది. నడిచేటప్పుడు ఒంటిని కొమ్మకి పైన ఎత్తి పట్టుకోలేక పొట్ట ఆనించేస్తుంది. తర్వాత మోచేతులు విల్లులా వంగుతాయి. దవడ మెత్తబడి నోరు సరిగ్గా మూసుకోదు. కాళ్లు వణుకుతాయి. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కావడం అరుదు. వైద్యంతో వంపు ఆగుతుంది, ప్రాణం నిలుస్తుంది.

ఇక దీపం సంగతి. యూవీబీ ట్యూబులో మనకి కనిపించే వెలుతురు వేరు, దానికి కావాల్సిన కిరణం వేరు. వెలుతురు ఏళ్ల తరబడి ఉంటుంది. కిరణం నెలల్లో తగ్గిపోతుంది. అందుకే రకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చేయాలి. కొన్న తేదీని మార్కర్‌తో ట్యూబు అంచు మీద రాసుకోవడం అన్నిటికన్నా సులువైన మందు. కిటికీ దగ్గర పెట్టాం, ఎండ పడుతోంది కదా అనుకోవద్దు. అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వల పంజరంలో పెట్టి, సగం నీడ ఉండేలా చూసి, కాసేపు ఆరుబయట ఉంచితే అసలు ఎండకి మించింది లేదు.

పురుగులకి భాస్వరం లేని కాల్షియం పొడి పట్టించాలి. ఇడ్లీకి కారప్పొడి అద్దినంత దట్టంగా అక్కర్లేదు. ముగ్గు చేతికి అంటినంత పలచగా చాలు. డీ3, విటమిన్ ఏ కలిసిన పొడి నెలకి ఒకటి రెండుసార్లు మాత్రమే. ఎక్కువైతే అదీ విషమే. పురుగులకి ముందురోజు మంచి ఆకు మేపడం కూడా ముఖ్యం. పురుగు కడుపులో ఉన్నదే ఊసరవెల్లి కడుపులోకి వెళ్తుంది. అమెరికాలో తెలుగువాళ్ల పెరళ్లలో పెరిగే మునగాకు ఇందుకు పనికొస్తుంది. పాలకూర వద్దు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి.

గిన్నె నిండా నీళ్లు, గొంతు తడారి...

గిన్నెలో నీళ్లు పోసి పక్కన పెడితే ఊసరవెల్లి అవి నీళ్లని గుర్తించకపోవచ్చు. ఆకు మీద మెరిసే బొట్టు దానికి తెలిసిన నీరు. మంచో వానో పడ్డాక ఆకులు నాకుతుంది. పంజరంలో పొద్దునా సాయంత్రం ఆకుల మీద తుంపర కొట్టాలి. బొట్టు బొట్టుగా కారే ఏర్పాటు ఉండాలి. తర్వాత ఆకులు ఆరే వ్యవధీ ఇవ్వాలి. ఎప్పుడూ తడిగా, గాలాడకుండా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది.

నీరు చాలుతోందో లేదో రెట్ట చెబుతుంది. పెరటికోడి రెట్టలో నల్లటి దాని మీద తెల్లటి సున్నంలా ఉంటుందే, ఇక్కడా అదే. పక్షులూ బల్లులూ మనలా మూత్రం పోయవు. ఆ వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా, తెల్లటి ముద్దగా వదిలేస్తాయి. అది తెల్లగా, మెత్తగా ఉంటే నీరు సరిపోతున్నట్టు. పసుపు తిరిగి నారింజ రంగుకొచ్చి గట్టిపడితే దప్పికతో ఉన్నట్టు. ఈ గుర్తుని పట్టించుకోకపోతే కళ్లు గుంటలు పడతాయి. తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి, కీళ్లలో గౌట్ చేరుతుంది. అప్పుడు ఎన్ని నీళ్లు పట్టినా పోయింది తిరిగి రాదు.

గుడ్డు అడ్డుపడితే

మేనల్లుడిది మగది కాబట్టి ఈ గండం తప్పింది. ఆడ వెయిల్డ్ కమీలియన్ మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, మన ఫారం కోడిలాగే. ఒక్కో కాన్పుకి పదుల్లో పెడుతుంది. బాగా మేపిన కొద్దీ ఎక్కువ. ముద్దుగా మేపితే దాని ఆయుష్షుని మనమే కోసినట్టు. ఎదిగిన ఆడదానికి తిండి, వేడి కాస్త తగ్గించి ఉంచితే గుడ్ల సంఖ్య తగ్గి ఎక్కువ కాలం బతుకుతుందని అనుభవజ్ఞులు చెబుతారు.

గుడ్లొచ్చే సమయంలో అది తిండి మానేసి, కొమ్మ దిగి, నేలంతా గోళ్లతో గీరుతూ తిరుగుతుంది. తవ్వుకోవడానికి తడిమట్టి కోసం దాని వెతుకులాట. పంజరం అడుగున ప్లాస్టిక్ పలక తప్ప మట్టి లేకపోతే గుడ్లు పెట్టకుండా బిగబట్టుకుంటుంది. అలా లోపలే ఉండిపోయిన గుడ్లు ప్రాణం తీస్తాయి. కళ్లు మూసి నేల మీద పడుందంటే గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి. ఆరు నెలల వయసు దగ్గరపడుతుండగానే అడుగు లోతున తడి ఇసుక నింపిన తొట్టి ఒకటి లోపల ఉంచాలి. పిడికిట్లో పడితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. సొరంగం కూలిపోకుండా ఉండే తడి అది. తవ్వడం మొదలెట్టాక పంజరానికి గుడ్డ కప్పి అందరూ పక్కకి తప్పుకోవాలి. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే సగంలో ఆపేసి బయటికొచ్చేస్తుంది. పురిటిగది మర్యాద దానికీ ఉంది.

మిగతా జబ్బులు చప్పున చెప్పుకుందాం. తల పైకెత్తి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే, నోటి దగ్గర బుడగలు కనిపిస్తే అది ఊపిరితిత్తుల వ్యాధి. ఎండ కాచుకుంటూ వేడెక్కి నోరు తెరవడం వేరు, నీడలో కూడా తెరిచే ఉంచడం వేరు. దవడ అంచున పసుపు గడ్డలు, వాపు కనిపిస్తే నోటిపుండు. కంటి బురుజు ఉబ్బి మూసుకుపోతే దెబ్బ తగిలి ఉండొచ్చు, విటమిన్ ఏ తక్కువై ఉండొచ్చు. బాగా తింటూ చిక్కిపోతుంటే కడుపులో పురుగులు. అడవిలో పట్టి తెచ్చినవాటికి ఇవి మరీ ఎక్కువ. వీపు మీద నల్లటి మచ్చ బొబ్బగా మారితే దీపం కాల్చింది. పంజరం పైకప్పుకి వేలాడుతూ ఒళ్లు కాలుతున్నా అది త్వరగా గుర్తించదు. వేడి దీపాన్ని అందనంత ఎత్తులో పెట్టాలి. మగ వెయిల్డ్‌కి ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 30 డిగ్రీల చుట్టుపక్కల చాలు. రాజమండ్రి మే నెల దీనికి నిప్పులకొలిమి.

పొలంలో పట్టిన మిడతలు పెట్టొచ్చా అని అడుగుతారు. మందు కొట్టిన చేలో మిడత ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. అమెరికా పెరట్లో మిణుగురులూ అంతే. వాటి ఒంట్లోని విషం పెంపుడు బల్లుల్ని చంపిన సంఘటనలు వైద్యుల రికార్డుల్లో ఉన్నాయి.

పుంజుని చూసినట్టు

ఇదంతా చదివి కంగారు పడక్కర్లేదు. గోదావరి మనిషికి ఈ చూపు కొత్త కాదు. భీమవరం వైపు పందెం పుంజులు పెంచేవాళ్లని తెల్లవారుజామున చూడండి. గంప ఎత్తగానే ముందు చూసేది పుంజుని కాదు, కింద పడిన రెట్టని. పచ్చగా నీళ్లలా పడితే కొక్కెర తెగులేమోనని గుండె జారుతుంది. తర్వాత తురాయి రంగు చూస్తారు. మెడ కింది మేతసంచిని వేళ్లతో తడిమి రాత్రి మేత అరిగిందో లేదో తెలుసుకుంటారు. చేతిలోకి తీసుకుని బరువు అంచనా వేస్తారు. డేగ, కాకి, నెమలి, సేతువ... రంగు ఏదైనా పరీక్ష ఒకటే. కొత్త పుంజు వస్తే కొన్నాళ్లు విడిగా ఉంచుతారు. తెగులు లోపలికొస్తే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో మళ్లీ గుర్తొచ్చింది. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లకి బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు రెండు గోదావరి జిల్లాలూ వణికిపోయాయి. ఒక్కసారి తెగులు లోపలికొచ్చాక చేసేదేమీ ఉండదని కోళ్లు పెంచే ప్రతి ఇంటికీ తెలుసు.

ఊసరవెల్లికి కావాల్సింది ఆ తెల్లవారుజాము చూపే.

వారం వారం చూసుకోవాల్సినవి

• కళ్లు: దీపం వెలిగాక రెండూ తెరిచి, గుండ్రంగా, తిరుగుతూ ఉన్నాయా? పగలు కళ్లు మూస్తే ఆ రోజే వైద్యుడి దగ్గరికి.

• చోటు: ఎత్తైన కొమ్మ మీద ఉందా? గుడ్ల వేళ తప్ప నేల మీద పడుకోవడం ప్రమాదం.

• నాలుక: పురుగుని గురి చూసి కొడుతోందా, దగ్గరికెళ్లి నోటితో అందుకుంటోందా?

• పట్టు: కాళ్లు తిన్నగా ఉన్నాయా? కొమ్మని గట్టిగా పట్టుకుంటోందా?

• రెట్ట: తెలుపు తెల్లగా ఉందా? ఆరు నెలలకోసారి పరీక్షకి ఇచ్చారా?

• బరువు: వంటింటి గ్రాముల తూకం మీద వారానికోసారి. పదో వంతు తగ్గితే ఆలస్యం వద్దు.

• దీపం: దాని మీది తేదీ ఎప్పటిది?

• చేతులు: ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కున్నారా? బల్లి జాతి ఒంట్లో సాల్మొనెల్లా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్ని దూరంగా ఉంచాలి.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పంజరం ఫొటో, దీపం పేరు, రెట్ట పొట్లం తీసుకెళ్లండి. సగం రోగం అక్కడే తేలుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి సరీసృపాల పశువైద్యుల సంఘం ఒకటి ఉంది. కొన్న రోజునే దగ్గరలో అలాంటి డాక్టరు ఎవరో కనుక్కుని పెట్టుకోవాలి. కుక్కలూ పిల్లుల డాక్టర్లందరూ వీటిని చూడరు.

మన దగ్గర పెంచొచ్చా?

మన దేశపు ఊసరవెల్లి విషయంలో జవాబు ఒక్క మాటే. కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. పట్టినా, ఇంట్లో పెట్టుకున్నా, అమ్మినా, కొన్నా నేరం. విదేశీ జాతులు చాలావరకు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసి తీరాలి. కాయితాలు చూపకుండా 'బ్రీడర్ దగ్గర్నుంచి తెప్పిస్తాం' అనేవాడి మాట నమ్మితే జీవీ దక్కదు, కేసూ తప్పదు. పైగా గేదెలకి, కోళ్లకి, కుక్కలకి మందిచ్చే వైద్యులు మన మండల కేంద్రాల్లో దొరుకుతారు కానీ ఊసరవెల్లికి ఎక్స్‌రే తీసి చదివేవాళ్లు ఎంతమంది? వైద్యుడు అందని ప్రాణిని తెచ్చుకోవడం అంటే దాని జబ్బుని కూడా ముందే కొనుక్కోవడం.

ఇంకో ప్రమాదం జాలి రూపంలో వస్తుంది. చెట్టు మీదుండే ఊసరవెల్లి నేలకి దిగడానికి ఒక ముఖ్యమైన కారణం గుడ్లు. మెట్ట ఊళ్లలో రోడ్డు దాటుతూ, పొట్ట బరువుతో, అడుగుకి రెండుసార్లు ఊగుతూ కనిపించింది నిండు చూలాలు కావచ్చు. విషజీవి అని రాయి తీసేవాళ్లు కొందరు. విషం లేదు, కాటేసి చంపే శక్తీ లేదు. 'పాపం' అని అట్టపెట్టెలో ఇంటికి తెచ్చేవాళ్లు ఇంకొందరు. పైన చెప్పిన గుడ్డు అడ్డుపడే కథ ఆ అట్టపెట్టెలో మొదలవుతుంది. మెత్తటి మట్టి కోసం బయల్దేరిన తల్లికి నున్నటి అట్ట దొరుకుతుంది.

కనిపిస్తే చేయాల్సింది కొంచెమే. వాహనాలు వస్తుంటే ఓ పొడవాటి కొమ్మ అందించండి. తనే పట్టుకుని ఎక్కుతుంది. అది ఏ వైపు వెళ్తోందో ఆ పక్కనే తుప్పల దగ్గర దించేయండి. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖకి చెప్పండి. నీళ్లు నోట్లో పోయకండి, పురుగులు కుక్కకండి. చెట్టు మీద ఉన్నదాన్ని దించకండి. పంజరంలో వచ్చే జబ్బుల్లో చాలావాటికి దానికి తెలిసిన మందులు అక్కడే ఉన్నాయి. నిజమైన ఎండ, ఆకు మీది మంచు, రకరకాల పురుగులు, తవ్వుకోవడానికి నేల. పంజరంలో మనం వేల రూపాయలు పోసి దీపాలతో, పొడులతో, తుంపర యంత్రాలతో తయారుచేసేది ఆ చెట్టుకి నకలు.

మేనల్లుడి ఊసరవెల్లి బతికింది. ముందుకాలి వంపు అలాగే ఉండిపోయింది. కొమ్మ మార్చేటప్పుడు ఆ కాలు కాస్త ఆలస్యంగా వేస్తుంది. వాడు కొత్త ట్యూబు మీద తేదీ రాసి, ఫోన్ దగ్గరికి తెచ్చి అమ్మమ్మకి చూపించాడు. అమ్మ దీపాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం వాడి చదువు, చెల్లి ఆరోగ్యం అడిగాక, కళ్లజోడు సర్దుకుని ఫోన్‌కి ఇంకాస్త దగ్గరగా జరుగుతుంది.

"దాని రెట్ట చూపించరా నాన్నా. తెల్లగానే ఉందా?"